“కమ్ సే కమ్” ఎటువైపు తిరుగును?

మేము తెలుగు బోధించువారము. గణితశాఖ వాకిట మాకేమి పని యని మిత్రులు అడుగవచ్చును. పని ఉన్నది.

లీనియర్ ప్రోగ్రామింగ్ చదువుచున్న విద్యార్థి యొకడు నోటుపుస్తకముతో మా వద్దకు వచ్చినాడు. లెక్క ఇది: దర్జీ వద్ద 60 మీటర్ల బట్ట ఉన్నది. చొక్కాకు 2 మీటర్లు, షేర్వానీకి 4 మీటర్లు పట్టును. లాభము చొక్కాకు 100 రూపాయలు, షేర్వానీకి 300. పండుగకు కనీసము 10 చొక్కాలు కుట్టి తీరవలెను. అతడు చొక్కాల సంఖ్య పదికి మించరాదని అసమీకరణము వ్రాసినాడు. ఎందుకనగా, “కనీసమంటే కమ్ సే కమ్, కమ్ అంటే తక్కువే కదా సార్!” అన్నాడు. అటుపిమ్మట సింప్లెక్స్ పట్టికలో ఒక్క అంకె తప్పలేదు. 15 షేర్వానీలు, 4,500 రూపాయలు. చొక్కా ఒక్కటియు లేదు! సరియైన సమాధానము 10 చొక్కాలు, 10 షేర్వానీలు, 4,000 రూపాయలు. తప్పులోనే లాభమెక్కువ కనుక అతనికి అనుమానమైనను కలుగలేదు.

ఇది గణితములోని తప్పు కాదు, వాక్యార్థములోని తప్పు. పరీక్ష ఇంగ్లీషులోనే కదా యని ఒక సహోపాధ్యాయుడు మమ్ము వారించినాడు. పరీక్ష ఏ భాషలోనున్నను విద్యార్థి ఆలోచన ఇంటి భాషలోనే సాగును.

ఈ శాస్త్రమైనను పట్టికలలో పుట్టలేదు. 1938లో లెనిన్‌గ్రాడులో ప్లైవుడ్ పరిశ్రమవారి యంత్రములకు పని పంచు ప్రశ్న నుండి కాంతొరోవిచ్ దీనిని ఆరంభించినాడు. 1947లో డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని కనుగొన్నాడు. 77 ఆహారపదార్థములలో, 9 పోషకములు తగ్గకుండ, అతి చౌకయైన భోజనమేదియను స్టిగ్లర్ ప్రశ్నతో ఆ పద్ధతిని పరీక్షించిరి. తొమ్మండుగురు గుమాస్తాలు చేతి యంత్రములతో కూర్చుండగా మొత్తము 120 పనిదినములు పట్టినవి. ఆ శ్రమను నేడు కంప్యూటర్ రెప్పపాటులో ముగించును. “తగ్గకుండ” అను మాటను సరిగా గ్రహించితిమా లేదా యని మాత్రము అది అడుగదు. ఏది వ్రాసియిచ్చిన దానినే సాధించును.

అయినను మన పాఠములలో కాలమంతయు పట్టికలు నింపుటకే చెల్లుచున్నది. మొదటి రెండు వారములు పట్టిక ముట్టక, లెక్కలను తెలుగులోను ఉర్దూలోను చదివించి నిబంధనలు మాత్రమే వ్రాయించవలెనని కళాశాల కమిటీవారికి మా విన్నపము. కళాశాల పరీక్షలలో ఆ వ్రాతకే సగము మార్కులీయవలెను. గణితశాఖవారు అనుమతించినచో సుద్దముక్కతో మేమును వచ్చెదము. ఉర్దూ శాఖవారిని కూడ పిలువవలెను. “జ్యాదా సే జ్యాదా” సంగతి వారు తేల్చవలసినదే.