బంతిలో అమ్మకూ ఒక చోటు

“ఇంటి భోజనాన్ని మించినది లేదు” అని అందరూ అంటారు. వ్యాసరచన పోటీల్లో మనమూ అలాగే రాశాం, బహుమతులూ తెచ్చుకున్నాం. కానీ వార్షికోత్సవ సంచికలో మన మధ్య మనం మాట్లాడుకునేటప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. మనలో చాలామంది రేకు పెట్టె, ప్లేటు, గ్లాసు పట్టుకొని హాస్టలు గడప తొక్కింది చదువు కోసం మాత్రమే కాదు, రెండు పూటలా కడుపు నిండుతుందని కూడా. మరి చాలీచాలని ఆ ఇంటి భోజనం గొప్పతనం ఎక్కడుంది? పూర్వ విద్యార్థులమైన మేము కొందరం కలిసి దీని గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

“వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదు” అని సామెత. హాస్టల్లో గంట కొట్టగానే బంతులుగా కూర్చునేవాళ్లం. చారు నీళ్లలా ఉందని సణిగిన రోజులున్నాయి. ఆదివారం కోడికూరలో ముక్కలు లెక్కపెట్టుకున్న రోజులూ ఉన్నాయి. అయితే ఒక్క విషయంలో రాజీ పడేవాళ్లం కాదు. చివర కూర్చున్నవాడికి కూర అందకపోతే వడ్డించే పెద్ద తరగతి పిల్లలను నిలదీసేవాళ్లం. అవసరమైతే వార్డెన్ సారు గది దాకా వెళ్లేవాళ్లం.

మరి ఇంట్లో? నాట్ల రోజుల్లో అమ్మ తెల్లవారకముందే లేచి సద్ది కట్టుకొని కూలికి పోయేది. పొద్దుగూకినాక వచ్చి పొయ్యి ముట్టించేది. ముందు నాన్నకు, తర్వాత పిల్లలకు వడ్డించేది. అందరం చేతులు కడుక్కున్నాక తాను గిన్నె దగ్గరికి లాక్కునేది. ఆ గిన్నెలో ఎంత మిగిలిందో మనం ఎన్నడైనా చూశామా? హాస్టల్లో కడపటి బంతి కోసం కొట్లాడిన మనమే, ఇంట్లో ఏ బంతిలోనూ కూర్చోని మనిషి గురించి అడగలేదు.

మాలో ఒకరు ఉద్యోగం వచ్చిన కొత్తలో సంక్రాంతికి ఇంటికి వెళ్లారు. “అమ్మా, నువ్వూ రా, కలిసి తిందాం” అంటే, “నువ్వు తిను బిడ్డా, నాకింకా ఆకలైతలేదు” అంది. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజు గిన్నెలన్నీ తెచ్చి నడుమ పెట్టి, ఆమె కూర్చునేదాకా ముద్ద ముట్టనని భీష్మించారు. నవ్వుతూనే వచ్చి కూర్చుంది. తన కంచంలో మొదట పెట్టుకున్నది అడుగంటిన అన్నం. అదెందుకంటే “నాకదే ఇష్టం” అంది. అమ్మకు మాడన్నమే ఇష్టమని ఎన్నేళ్లు నమ్మాం మనం!

కలిసి తినడం చిన్న విషయమని ఎవరైనా అనవచ్చు. కాదని మనకంటే బాగా తెలిసిన వారెవరు? “అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో” అనే సామెత పుట్టిన నేల ఇది. మన తాతలు పెళ్లిళ్లలో దూరంగా కూర్చొని, అందరూ తిన్నాక మిగిలింది తిన్నారు. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ వేర్వేరు కులాల వారిని ఒకే బంతిలో కూర్చోబెట్టి మిశ్రభోజనం పెడితే, సొంత కులం వారే ఆయనను వెలివేశారు. ఒక బంతిలో కూర్చుంటే మనుషులంతా ఒకటేనని ఒప్పుకున్నట్టే కాబట్టి అంత కోపం వచ్చింది. బయటి బంతిలో చోటు కోసం అంత పోరాటం జరిగిన జాతిలో పుట్టి, ఇంటి బంతిలో అమ్మకు, భార్యకు చోటు లేకుండా చేయడం మనకు తగునా?

నేడు మనలో కొందరు హైదరాబాదులో, బెంగళూరులో, విదేశాల్లో స్థిరపడ్డారు. గిన్నెలు నిండుగా ఉన్నాయి. అయినా ఒకరు టీవీ ముందు, ఒకరు ఫోను చూస్తూ, ఒకరు ఆఫీసు బల్ల మీద తింటున్నారు. వండటానికి తీరిక లేక బయటి నుంచి తెప్పించుకోవడమూ పెరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని చెప్పింది. ఇంట్లో వండుకుంటే ఉప్పు, నూనె ఎంత వేయాలో మన చేతిలో ఉంటుంది. బయటి తిండిలో ఎంత పడిందో మనకెలా తెలుస్తుంది?

అయితే “ఇంటి వంటే తినాలి” అని ఉపన్యాసం చెప్పేవారు, ఆ వంట ఎవరు చేయాలో కూడా చెప్పాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటి పనులు చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చించారు. ఆ పనులు చేసే మగవారు వెచ్చించింది 97 నిమిషాలు. అసలు ఇంటి పని ముట్టని మగవారే ఎక్కువమంది. హాస్టల్లో మన ప్లేటు మనమే కడుక్కున్నాం, మన బట్టలు మనమే ఉతుక్కున్నాం. ఇంటి గడప దాటగానే ఆ చేతులకు ఏమైంది?

షిఫ్టు ఉద్యోగాల్లో ఇదంతా కుదరదని మిత్రులు అంటారు. నిజమే, మూడు పూటలా కుదరదు. ఒక్క పూట కుదుర్చుకుందాం. విందు అక్కరలేదు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ చాలు. కూరగాయలు ఒకరు తరగాలి, అన్నం ఒకరు వండాలి, గిన్నెలు ఒకరు తోమాలి. టీవీ, ఫోను పక్కన పెట్టాలి. వండిన మనిషి కూర్చోనిదే ఎవరూ మొదటి ముద్ద ఎత్తకూడదు. ఇంటి భోజనం విలువ రుచిలో కంటే ఇందులోనే ఎక్కువ ఉందని మా అభిప్రాయం.

ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. మన కోసం పొగలో, వేడిలో నిలబడిన వంట మనిషిని, కామాటిని “మీరు తిన్నారా?” అని రోజుకొకసారి అడగండి. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు భోజనాల వేళ కంచాలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే మీరే లేచి తెచ్చి పెట్టండి. అడుగంటిన అన్నం ఉంటే, ఈసారి మీ కంచంలో వేసుకోండి.