ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల అభ్యాసాలను పునఃపరిశీలించాలని వినతిపత్రం

గౌరవనీయులైన పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యామండలి అధ్యక్షులవారికి,
ఖరగ్‌పూర్ తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు చేసుకుంటున్న విన్నపం.

అయ్యా,

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఇక్కడ స్థిరపడిన మా కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బయట హిందీ, బెంగాలీ మాట్లాడుతూ బళ్లో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినందుకు కృతజ్ఞులం. ఇప్పటి మనవి వేరు. పాఠం కింద ఇచ్చే అభ్యాసాలు పిల్లల బుర్రకు ఎంత పని పెడుతున్నాయన్నదే మా బెంగ.

పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం 'బ్లిస్'లో ఆర్.కె. నారాయణ్ కథ 'ఫాదర్స్ హెల్ప్' చూడండి. సోమవారం బడి ఎగ్గొట్టడానికి స్వామి అనే కుర్రాడు తలనొప్పి అంటాడు. శామ్యూల్ మాస్టారు చాలా కోపిష్ఠి అని చెబుతాడు. తండ్రి హెడ్మాస్టరుకు ఉత్తరం రాసి చేతికిచ్చేసరికి ఇరుక్కుపోతాడు. ఇక ఆ ఉత్తరం నిజం కావాలని మాస్టారిని పనిగట్టుకుని రెచ్చగొడతాడు. ఇంత చిక్కున్న కథ కింద పిల్లలు ఎక్కువగా చేసేది సరైన జవాబు గుర్తించడం, వాక్యం పూర్తిచేయడం, తప్పో ఒప్పో చెప్పి ఆధారవాక్యం ఎత్తిరాయడం. ఆధారం వెతకడం మంచి అలవాటే. అయితే ఆ ఆధారంతో ఏం తేల్చాలో ఎవరూ అడగరు. ఆలోచన స్థాయిలకు బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో వేసిన మెట్లను 2001లో సవరించారు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం. ఈ అభ్యాసాలు చాలావరకు మొదటి రెండు మెట్ల మీదే ఉండిపోతున్నాయి. రాతపనిలో కూడా సూచనలు ముందే ఇచ్చేస్తే, వాటిని అతికించడమే పిల్లవాడికి మిగిలే పని.

ఇంగ్లీషే సరిగా రాని పిల్లలకు ఇంత బరువు దేనికని అడగవచ్చు. భాష కష్టం వేరు, ఆలోచన కష్టం వేరు. శామ్యూల్ మంచివాడా, ఎలా చెప్పగలవు అన్న ప్రశ్నకు నాలుగు చిన్న వాక్యాలు చాలు, కానీ కథంతా తిరగేయాలి. నాలుగు భాషల మధ్య రోజూ నెట్టుకొచ్చే పిల్లలకు తర్కం కొరవడలేదు, దాన్ని అడిగే ప్రశ్నే కొరవడింది. లక్షల పేపర్లు దిద్దడంలో తేడాలొస్తాయన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. అభిప్రాయానికి ఒక మార్కు, పాఠం నుంచి చూపిన కారణానికి రెండు అని ముందే నిర్ణయిస్తే ఆ తేడా తగ్గుతుంది. అలాగే ఏ ప్రశ్న ఏ మెట్టుదన్న లెక్కలో ఇద్దరు పరిశీలకులు విభేదించవచ్చు. ‘ఎందుకు’ అన్న ప్రశ్న సైతం ట్యూషన్ నోట్సులో జవాబు దొరికితే వట్టి బట్టీ అవుతుంది. అందుకే ప్రశ్నలోని మాటను మాత్రమే చూసి మెట్టు నిర్ణయించడం చాలదు, తరగతిలో అది ఎలా సాగుతోందో కూడా చూడాలి.

కాబట్టి ఆరు నుంచి పది వరకు ఇంగ్లీషు పుస్తకాల్లోని ప్రతి అభ్యాసాన్నీ ఈ మెట్ల ప్రకారం ఒక సంఘంతో పరిశీలింపజేసి, ఫలితాన్ని ప్రకటించాలి. ఆ సంఘంలో తెలుగు మాధ్యమ ఉపాధ్యాయులకు చోటివ్వాలి. తదుపరి ముద్రణలో పాఠానికి కనీసం రెండు ప్రశ్నలు విశ్లేషణకు, విలువ కట్టడానికి కేటాయించాలి. పదో తరగతి మాధ్యమిక్ పరీక్ష ప్రశ్నపత్రంలోనూ వాటికి మార్కులుండాలి. లేకపోతే తరగతిలో ఎవరూ వాటి జోలికి పోరు.

ఇట్లు,
ఖరగ్‌పూర్ తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు