మస్టరులో లేని అమ్మలు

“ఎం.ఏ.లో ఎకనామెట్రిక్స్ తీసుకుంటా” అని గోదావరిఖని అమ్మాయి అంటే, “గా లెక్కలు నీకెందుకే, బీఎడ్ చెయ్యరాదు” అంటారు ఇంట్లో. నిజానికి ఆ లెక్కలు మన గురించే!

1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి పెట్టుకోనివ్వలేదు. 2019లో గానీ, అదీ షరతులతో, సడలింపు రాలేదు. పిల్లల కోసం ఉద్యోగం మానుకున్నవాళ్లు వేరే. మరి మస్టరులో పేరున్న కొద్దిమంది జీతాలు చూసి ఆడవాళ్ల సంపాదన ఇంతేనని తేల్చేస్తే ఎలా? ఉద్యోగంలో ఎవరు చేరతారో ముందు అంచనా కట్టి, ఆ తర్వాత జీతాల లెక్క సరిచేసే పద్ధతి చూపించాడు జేమ్స్ హెక్‌మన్. 2000లో నోబెల్ పంచుకున్నాడు.

మాట్రిక్సులు, సంభావ్యత గట్టిగా రావాలి. ఇంటర్‌తోనే గణితం వదిలేసిన పిల్లకు కష్టమే మరి. వదిలించింది ఎవరు? అన్నకు ట్యూషన్ పెట్టించేటప్పుడు చెల్లెలినీ పంపండి.