ఆపరేషన్ అయింది, భయం పోలేదు

అభా, ఖమీస్ ముషైత్ క్యాంపుల్లో ఉండే సోదరులు మాలాంటి ఆఫీసు గుమాస్తాల దగ్గరకు ఇఖామా, జీతం కాగితాలతోపాటు ఊరి నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఆస్పత్రి రిపోర్టులు కూడా చదివించుకోవడానికి తెస్తుంటారు. భార్యకో, అక్కకో, తల్లికో రొమ్ము క్యాన్సర్. మొదటి దశలోనే దొరికింది. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టించారు, డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. అయినా ఇంట్లో నిద్ర లేదు. నడుము నొప్పి వస్తే ఎముకలకు పాకిందా అని, దగ్గు వస్తే ఊపిరితిత్తులకు పాకిందా అని దిగులు. అక్కడ ఆమె ఏడుపు, ఇక్కడ ఇతనికి డ్యూటీ మీద మనసు నిలవదు.

ఈ విషయంలో మనవాళ్లు రెండు పొరపాట్లు చేస్తున్నారని మా అభిప్రాయం. ఒకటి, "అంతా బాగైంది కదా, ఇంకా ఏడుపెందుకు" అని ఫోన్లో గదమాయించడం. రెండు, భయం తీరుతుందని అప్పు చేసి మరీ ఏటా ఒళ్లంతా స్కానింగులు తీయించడం.

ఆమె భయం ఉత్తిది కాదు. మొదటి దశలో వైద్యం చేయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టదు. కానీ కొందరికి తిరగబెడుతుంది. హార్మోన్‌తో పెరిగే రకమైతే ఐదేళ్లు దాటాక కూడా రావచ్చు. ఇక రాదని ఏ డాక్టరూ ఒట్టు వేయలేడు. అలాంటప్పుడు గదమాయిస్తే ఆమె భయపడటం మానదు, మనకు చెప్పడం మానేస్తుంది. రేపు నిజంగా నొప్పి వచ్చినా దాచుకుంటుంది.

ఇక స్కానింగుల సంగతి. ఇటలీలో 20 ఆస్పత్రులు 1,320 మంది మహిళలను పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించాయి. సగంమందికి ఎముకల స్కాన్, కాలేయం స్కాన్, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేశారు. మిగతావాళ్లకు డాక్టరు పరీక్ష, ఏటా మామోగ్రామ్, అవసరమైతేనే మిగతావి. బతికిన కాలంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏ లక్షణమూ లేనివాళ్లకు ఊరికే పెట్ స్కాన్ వద్దని ఈనాటికీ పెద్ద వైద్య సంఘాలు చెబుతున్నాయి. ఆ డబ్బు వేరేచోట పనికొస్తుంది.

ఎక్కడంటారా? మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆ పైన ఏడాదికోసారి డాక్టరుకు చూపించాలి. ఏడాదికోసారి మామోగ్రామ్. హార్మోన్ రకమైతే టామాక్సిఫెన్ లాంటి మాత్రలు కనీసం ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. జబ్బు తిరగబెట్టకుండా కాసేది ఈ మాత్రే. జీతం ఆలస్యమైన నెల కూడా ఇది ఆగకూడదు. చిట్టీ వాయిదా ఓ వారం ఆగినా ఫర్వాలేదు.

ఒకటి రెండు రోజుల నొప్పి అందరికీ వస్తుంది. రెండు వారాలైనా తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, విడవని దగ్గు, కామెర్లు, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతులతో తలనొప్పి, రొమ్ములోనో చంకలోనో కొత్త గడ్డ కనిపిస్తే మాత్రం చెకప్ తేదీ దాకా ఆగొద్దు. స్కానింగ్ అప్పుడు తీయించాలి. సూది గుచ్చితే పాకుతుందని, కలిసి తింటే అంటుకుంటుందని ఊళ్లో చెప్పే మాటలు అబద్ధాలు. వాటిని నమ్మి ఆమె కంచం వేరు పెట్టేవాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి.

హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆస్పత్రి, 2000లో మొదలైన బసవతారకం ఆస్పత్రి ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎన్నో పేద కుటుంబాలకు క్యాన్సర్ ఆపరేషన్ అందింది. కానీ చెకప్‌కు బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి ఇంటి నుంచే కావాలి. సెలవు పెట్టేటప్పుడు పెళ్లిళ్లు, పండగలే కాదు, ఆ చెకప్ తేదీ కూడా చూసుకోండి. వెంట వెళ్లండి.

ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: మాత్రలు ఎన్ని రోజులకున్నాయి, చెకప్ ఎప్పుడు? ఆ తర్వాత ఆమె భయం చెప్పుకుంటే అడ్డుపడకుండా వినండి.