ఓదార్పూ ఆరాధనే

కష్టంలో ఉన్నవారి గడప తొక్కగానే మనలో చాలామంది నోట ముందుగా వెలువడే మాట 'అంతా పూర్వజన్మ కర్మ' అని. ఆ మాటలో శాస్త్రం ఉండవచ్చు. ఓదార్పు మాత్రం లేదు.

దైవం తమకు అనుగ్రహించిన ఊరటను ఆపన్నులకు పంచడం తమ విధి అని క్రైస్తవులు విశ్వసిస్తారు. కొరింథీయులకు రాసిన రెండవ లేఖలో పౌలు బోధించినది ఇదే. ఆ బోధను ఆచరించి చూపినవారు 1840లో బెల్జియంలో జన్మించిన ఫాదర్ డేమియన్. ఆనాడు హవాయి రాజ్యంలో కుష్ఠురోగులను అయినవారి నుంచి వేరుచేసి మొలకాయ్ ద్వీపానికి పంపేవారు. 1873లో ఆయన కోరి అక్కడికి వెళ్లారు. వారి పుండ్లకు కట్లు కట్టారు, ఇళ్లు నిర్మించారు, మరణించినవారికి శవపేటికలు చేసి సమాధులు తవ్వారు. ఆ వ్యాధి తనకూ సోకినా వారిని విడువలేదు. 1889లో అక్కడే కన్నుమూశారు. 2009లో కథోలిక సంఘం ఆయనను పునీతునిగా ప్రకటించింది.

ఈ ధర్మం మనకూ తెలిసినదే. అశోకవనంలో శోకమూర్తియైన సీతమ్మను చూసిన హనుమ, ఆమె బెదరకుండా ఎలా పలకరించాలా అని ఎంతో ఆలోచించాడు. ముందుగా చెవికింపుగా రామకథ వినిపించి, ఆ తర్వాతే ఉంగరం అందించాడు. ప్రాణత్యాగానికి సిద్ధపడిన తల్లికి ఆ మాటలే ఊపిరి పోశాయి.

సుందరకాండ పారాయణ చేసే మనం ఈ వారం దుఃఖంలో ఉన్న ఒక్క ఇంటికైనా వెళదాం. కర్మ విచారణను ఆ పూటకు పక్కన ఉంచి, వారి చెంత కూర్చుని, చెప్పేది విందాం. చేతనైన పని ఒకటి చేసి వద్దాం. తిరిగివచ్చి మనం వెలిగించే దీపాన్ని స్వామి మరింత ప్రీతితో స్వీకరిస్తాడు.