పిండి సంచికి పీచు బలం

మొక్కజొన్న, కర్రపెండలం పిండితో చేసిన సంచులు మట్టిలో కలిసిపోతాయంటే సంతోషమే. అయితే వట్టి పిండిపదార్థంతో చేసిన ప్లాస్టిక్ తడి తగిలితే మెత్తబడుతుంది, ఆరితే పెళుసెక్కుతుంది. జనపనార, కొబ్బరి పీచు, వరి ఊక వంటివి తగు పాళ్లలో కలిపితే దానికి బలం వస్తుంది. పీచులోని సెల్యులోజ్‌కూ పిండికీ రసాయనికంగా చుట్టరికం ఉంది కనుక రెండూ గట్టిగా అతుక్కుంటాయి, నీటిని పీల్చుకోవడమూ తగ్గుతుంది. తిండిగింజలను సంచులకు మళ్లించడమేమిటన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కానీ ఊక, పీచు, చెరకు పిప్పి వాటా పెరిగేకొద్దీ పిండి అవసరం తగ్గుతుంది.

అసలు చిక్కు సంచి వాడి పారేశాక మొదలవుతుంది. ఇలాంటి సంచులు కొత్తేమీ కావు: తిరుమలలో లడ్డూలకు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులు 2021లోనే వచ్చాయి. 2022 జులై 1 నుంచి పలు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై దేశమంతటా నిషేధం ఉంది. ప్లాస్టిక్ సంచులకు కనీస మందం ఉండాలన్న నిబంధన కంపోస్టయ్యే సంచులకు మాత్రం వర్తించదు. కంపోస్టయ్యే గుణాన్ని పరీక్షించేదేమో సుమారు 58 డిగ్రీల వేడిగల కంపోస్టులో. మురుగుకాల్వలో, చెరువులో ఆ వేడి ఎక్కడిది? పురపాలికలు తడి చెత్తను విడిగా సేకరించి కంపోస్టు కేంద్రాలు నడపకపోతే ఈ మినహాయింపు వ్యాపారులకే లాభం. ప్రభుత్వాలు ముందుగా ఆ కేంద్రాలకు నిధులివ్వాలి.