కతోలికమను మాట

కతోలికమనగా రోమాపురి పోపుగారి మతమని మనలోఁ బెక్కండ్ర తలంపు. మాట పుట్టుకను విచారించినవారికి ఈ యర్థము మిక్కిలి కుఱుచయని తోఁపకపోదు. ఇది గ్రీకు శబ్దము. సమస్తమునకుఁ జెందినదని భావము. రెండవ శతాబ్ద్యారంభమున అంతియొకయ బిషప్పగు ఇగ్నాతియుసు స్ముర్నవారికి వ్రాసిన లేఖలో సంఘమునకు విశేషణముగా మొదటఁ గానవచ్చుచున్నది. 1054లో తూర్పు పడమటి సంఘములు వేఱుపడిన పిమ్మటను ఏ పక్షమువారును దీనిని విడువలేదు. ఆంగ్లికనులు విశ్వాసప్రమాణమున నేఁటికిని జదువుచునే యున్నారు. తెలుఁగు ప్రొటెస్టెంటులు 'సార్వత్రిక' మందురు. మూలార్థమునకు ఇదియే చేరువయని మా యభిప్రాయము.

మాట గొప్పదే. చేఁత యెట్లున్నది? తిరుచిరాపల్లిలో మేలపుదూరు కతోలిక శ్మశానమున దళితుల గోరీలను వేఱుపఱచుచు గోడ కట్టిరి. చచ్చినవారికిఁ గూడ కులమా! తమ సంఘమునఁ గులవివక్షము కలదని 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమితియే యొప్పుకొనెను. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంతోనిగారు కార్డినలైరి. దళితులలో ఆ పదవి నందినవారిలో మొదటివారు. సంతోషమే. కాని యొక్కరి శిరమున నుంచిన టోపీ ఊరూరి గోడలను గూల్పునా?

ఈ యంటు హిందూ సమాజమునుండి సోఁకినదని కొందఱు సమాధానము చెప్పుదురు. నిజమే కావచ్చును. సోఁకినదని యెఱిఁగియు ఇన్ని తరములు చికిత్స చేయనిదెవరు? అట్టి గోడ యున్నచోట గుడి పలకపైనుండి 'కతోలిక' యను విశేషణమును జెఱిపివేయుఁడని మేమడుగుట తప్పా?